చర్చికీ ఆర్కెస్ట్రాకీ ఒకే బేస్ గిటార్ కావాలి, ఏది కొనాలన్నా?

ప్రశ్న: అన్నా, మాది కర్నూలు. ఐదేండ్లుగా మా చర్చిలో అకౌస్టిక్ గిటార్ వాయిస్తాండా. బేస్ వాయించే అన్నకు బెంగళూరులో ఉద్యోగం వచ్చి పోయినాడు, ఆయనతో పాటే ఆయన బేస్ కూడా పోయింది. ఇప్పుడు పాస్టర్ గారు బేస్ నువ్వే పట్టుకో అంటాండారు. పెళ్లిళ్ల సీజన్లో ఒక ఆర్కెస్ట్రాతో కూడా పోతుంటా, అక్కడ పాత పాటలు, కొత్త పాటలు, మాస్ పాటలు అన్నీ పడతాయి. కాలేజీ ఫ్రెండ్స్‌తో రాక్ బ్యాండ్ కూడా ఒకటి అనుకుంటాండాం. బడ్జెట్ 35 వేలు, యాంప్‌తో కలిపి. ఒక ఫ్రెండేమో ఐదు తీగల యాక్టివ్ బేస్ తీసుకో, అన్ని సౌండ్లూ దాంట్లోనే ఉంటాయి అంటాడు. అట్లాంటిదే సెకండ్ హ్యాండ్‌లో ఒకటి 28 వేలకు చూపించినాడు కూడా. నేను యూట్యూబ్‌లో చూస్తే అన్నీ ఒకే మాదిరి వినపడతాండాయి. అన్ని పాటలకూ పనికొచ్చేది, మంచి సౌండ్ వచ్చేది ఒక్కటి చెప్పన్నా.

జవాబు: తమ్ముడూ, యూట్యూబ్‌లో అన్నీ ఒకే మాదిరి వినపడతాండాయి అన్నావే, అక్కడి నుంచే మొదలుపెడతా, ఎందుకంటే శానామంది అక్కడే బోల్తా పడతారు. నువ్వు ఫోన్లో విన్నావు కదా, అందుకే. బేస్‌లో అన్నిటికంటే లావు తీగ, ఈ (E) తీగ, ఉత్తగా మీటితే సెకనుకు 41 సార్లు ఊగుతుంది, అంత అడుగు స్వరం ఫోన్ స్పీకరు యాడ పలుకుతుందబ్బా, చిటికెన గోరంత ఉంటుంది అది. నీకు వినపడేదంతా ఆ స్వరం మీద పుట్టే పై స్వరాలు, వాటిని బట్టి కింద స్వరం ఉండాదని మన బుర్ర ఊహించుకుంటుంది, అంతే. కాబట్టి వీడియోలు చూసేటట్లయితే మంచి హెడ్‌ఫోన్ పెట్టుకుని చూడు, అది కూడా ఒక్కడే కూర్చుని టకటకా వాయించే వీడియో కాకుండా డ్రమ్స్‌తో, కీబోర్డుతో కలిపి వాయించేది వెతుక్కో. ఒంటరిగా వింటే అబ్బా అనిపించే బేస్ పదిమందిలో పడితే యాడుందో తెలీదు, ఒంటరిగా వింటే ఇంతేనా అనిపించేది పదిమందిలో నిలబడుతుంది, నేను కడప తట్టు మండపాల్లో ఇరవై ఏండ్లు వాయించి నేర్చుకున్నది ఏమన్నా ఉంటే అది ఇదే.

జవాబు ముందే చెప్పేస్తా, ఎందుకనేది తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం. నాలుగు తీగలు, ప్యాసివ్ (లోపల బ్యాటరీ లేనిది), పీజే పికప్‌లు (పికప్ అంటే తీగ ఊపును కరెంటుగా మార్చే అయస్కాంతం ముక్క), 34 అంగుళాల స్కేలు, అంటే తీగ పలికే పొడవు. ఈ లెక్కలో యమహా టీఆర్‌బీఎక్స్ 174 ఉండాది, స్క్వైర్ అఫినిటీలో ప్రెసిషన్ పీజే ఉండాది, రోంత దుడ్లు ఎక్కువ పెట్టగలిగితే యమహా బీబీ 234 ఉండాది. వీటిలో ఏది నీ చేతికి హాయిగా కూర్చుంటే అది తీసుకో, మూడూ నీ పనికి చాలు. ధరలు షాపుకో రకం, పండగ ఆఫర్లకో రకం మారుతుంటాయి, అది నువ్వే చూసుకోవాల.

ఇప్పుడు మీ ఫ్రెండ్ చెప్పిన ఐదు తీగల యాక్టివ్ సంగతి. అచ్చం అట్లాంటిదే నేనూ కొన్నా, కొత్తలో. కంపెనీ పేరు వద్దులే, తప్పు వాళ్లది కాదు నాది. ఐదు తీగలు, ఐదు నాబ్‌లు, ఇంట్లో చిన్న గదిలో పెట్టి వాయిస్తే గోడలు అదిరేవి, మా నాయన పక్కింటికి పోయి కూర్చునేవాడు. బేస్ నాబ్ ఫుల్లు, ట్రెబుల్ నాబ్ ఫుల్లు, మధ్య నాబ్ బాగా తగ్గించేది, అట్ల పెడితే సీడీలో విన్నట్లే ఉండేది. ఆ సెట్టింగ్‌తోనే ప్రొద్దుటూరులో ఒక రిసెప్షన్‌కు పోయినా. మూడో పాటకు సౌండు గరగరా అనడం మొదలైంది, గట్టిగా మీటితే గుడ్డ చింపినట్లు వస్తాంది, నేను కేబుల్ అనుకుని కేబుల్ మార్చినా, మిక్సర్ అనుకుని సౌండాయన మీద అరిచినా, నాలుగో పాట పల్లవి అయ్యేసరికి మొత్తం గప్‌చుప్. యాక్టివ్ బేస్ అంటే లోపల సౌండును పెంచే చిన్న ప్రీయాంప్ ఉంటుంది, అది 9 ఓల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది, కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ నువ్వు వాయించినా వాయించకపోయినా బ్యాటరీ తింటానే ఉంటుంది, నేనేమో ముందురోజు రాత్రి కేబుల్ పీకకుండా పడుకున్నా. అర్ధరాత్రి మండపంలో 9 ఓల్టుల బ్యాటరీ యాడ దొరుకుతుంది చెప్పు. ఆఖరికి యాంకర్ చేతిలో కార్డ్‌లెస్ మైకు విప్పితే దాంట్లో ఉండాది. వంటాయన దగ్గర చాకు తెచ్చి బేస్ వెనక మూత స్క్రూలు తిప్పి అది ఇందులో పెట్టినాం, ఆ యాంకరమ్మ మిగతా ప్రోగ్రామంతా వైరు మైకు పట్టుకుని కట్టేసినట్లు ఒక్కచోటే నిలబడి నన్నే చూస్తాంది.

సరే బ్యాటరీ నా అజాగ్రత్త, అది వదిలెయ్. అసలు దెబ్బ నెల తర్వాత ఆ పెళ్లి వీడియో చూసినప్పుడు తగిలింది. బ్యాటరీ పెట్టినాక రెండు గంటలు వాయించినా కదా, వీడియోలో నేను తల ఊపుతాండా, వేళ్లు ఆడతాండాయి, బేస్ మాత్రం ఒక్క ముక్క వినపడలే. డ్రమ్స్ ఉండాది, ప్యాడ్స్ ఉండాది, కీబోర్డు ఉండాది, నేను మాత్రం మూగ బొమ్మ మాదిరి ఉండా. ఎందుకంటే మధ్య నాబ్ తగ్గించేసినా. మండపంలో అడుగు స్వరాలు గోడలకు కొట్టుకుని ఉత్త గుమ్మని రొదై కూర్చుంటాయి, పై స్వరాలను తాళాలూ సింబల్సూ మింగేస్తాయి, మనిషి చెవికి ఇది ఫలానా స్వరం అని తెలిపేదంతా మధ్యలోనే ఉండాది. నాబ్‌లు ఎక్కువున్న బేస్ కొత్తోని చేతిలో పెడితే వాడు మొదట చేసే పని ఆ మధ్యను చంపడం, నువ్వు కూడా అదే చేస్తావు, నాకు తెలుసు.

అందుకే ప్యాసివ్ అంటాండా. రెండు వాల్యూములు, ఒక టోన్, అంతే. టోన్ నాబ్ ఏం చేస్తుందంటే పై స్వరాలను కోసేస్తుంది, కొత్తగా ఏమీ కలపదు, కాబట్టి దాన్ని ఎట్ల తిప్పినా నువ్వు చెడగొట్టలేవు. బ్యాటరీ గోల లేదు. యాక్టివ్ చెడ్డదని కాదబ్బా, 1976లో వచ్చిన మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే నుంచి గొప్ప గొప్ప యాక్టివ్ బేస్‌లు ఉండాయి, ఒక స్విచ్ నొక్కితే ప్యాసివ్ అయిపోయేవి కూడా వస్తాండాయి, నాలుగేండ్లు వాయించినాక నీకేం కావాల్నో నీకే తెలుస్తుంది, అప్పుడు చూసుకో.

పీజే అంటే ఏందో రోంత చెప్పాల. 1951లో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ తీసుకొచ్చినాడు, అంతకుముందు బేస్ అంటే మనిషంత ఎత్తుండే నిలువు బేస్, దానికి ఫ్రెట్లు (వేళ్లు పెట్టే నెక్ మీద అడ్డంగా ఉండే సన్న లోహపు కమ్మీలు) ఉండవు, వేలు వెంట్రుకవాసి పక్కన పడినా అపశ్రుతే. ఈయన ఫ్రెట్లు బిగించినాడు, గడిలో వేలు పెడితే చాలు స్వరం కచ్చితంగా పలుకుతుంది, ప్రెసిషన్ అనే పేరు అందుకే. 1957లో దాని పికప్‌ను రెండు ముక్కలు చేసి మెట్టు మాదిరి అటొకటి ఇటొకటి పెట్టినాడు, ఆ ఆకారమే ఈరోజుకీ వస్తాంది. 1960లో జాజ్ బేస్ వచ్చింది, దానికి సన్నగా నిడుపుగా రెండు పికప్‌లు, నెక్ కూడా తల దగ్గర సన్నం, సుమారు 38 మిల్లీమీటర్లు, ప్రెసిషన్ది 41కి పైనే. పీజే అంటే ముందు తట్టు ప్రెసిషన్ పికప్, వెనక బ్రిడ్జి తట్టు, అంటే తీగల కింది కొసలు బిగించే చోట, జాజ్ పికప్. ముందుది ఒక్కటే పెట్టుకుంటే లావుగా, గుండెకు తగిలేటట్లు పలుకుతుంది, చర్చి పాటలకూ పాత సినిమా పాటలకూ అది చాలు. వెనకది కలిపితే ముక్కులోంచి మాట్లాడినట్లు రోంత కర్రకర్రగా వస్తుంది, వేగంగా నడిచే బేస్ లైన్లు అప్పుడు ఒక్కో స్వరం విడివిడిగా వినపడతాయి. ఇళయరాజా పాటలు వాయించేటప్పుడు నీకు ఇది కావాల, ఆయన పాటల్లో బేస్ ఊరికే తాళం వెయ్యదు, పాట పక్కన ఇంకో పాట మాదిరి నడుస్తుంది, ఆ నడక వినపడకపోతే పాటలో సగం పోయినట్లే.

పికప్‌ల కంటే పెద్ద సంగతి నీ కుడిచెయ్యి. గిటార్ నుంచి వస్తాండావు కాబట్టి నీకు ఇది ఎవరూ చెప్పి ఉండరు. షాపుకు పోయినప్పుడు ఈ పని చెయ్యి, నాబ్‌లు ఏవీ ముట్టుకోకుండా ఏ (A) తీగ మీద ఐదో గడి పట్టుకుని ఒకే స్వరం నాలుగు చోట్ల మీటు. నెక్ అయిపోయే చోట బొటనవేలి కండతో మెత్తగా తాకితే దూరంగా ఎవరో పెద్ద డోలు మీద చెయ్యి వేసినట్లు ఉంటుంది. ముందు పికప్ మీద బొటనవేలు ఆనించి రెండు వేళ్లతో మీటితే అది మామూలు గొంతు, నూటికి ఎనభై పాటలకు అదే. బ్రిడ్జి దగ్గరికి జరిగి గోరు తగలకుండా గట్టిగా మీటితే తీగ బిర్రుగా, మాట స్పష్టంగా వస్తుంది. ఆఖర్న అరచేతి అంచు బ్రిడ్జి దగ్గర తీగల మీద ఆనించి బొటనవేలితో మీటు, స్వరం పుట్టిన వెంటనే టుప్‌మని ఆగిపోతుంది, పాత నలుపు తెలుపు సినిమాల్లో నిలువు బేస్ వింటాం చూడు, దాదాపు అది. ఇవి నాలుగూ ఒకే బేస్, ఒకే తీగ, ఒకే గడి. రాక్ అంటాండావు కదా, ప్లెక్ట్రమ్ బిళ్లతో కొడితే ఐదోది. ఈ నాలుగైదు గొంతుల మధ్య తేడా బాగా తెలిసేటట్లు వినిపించే బేస్ ఏదైతే ఉంటుందో అది మంచి బేస్, ఎక్కడ మీటినా ఒకే మాదిరి పలికేది ఎంత ఖరీదైనా నాకొద్దు.

జేమ్స్ జేమర్సన్ అని డెట్రాయిట్‌లో ఒకాయన ఉండేవాడు, 1960ల్లో మోటౌన్ కంపెనీ పాటలు లెక్కలేనన్నిటికి బేస్ ఆయనే. ఆయన ముఖ్యంగా వాయించింది 1962 నాటి ప్రెసిషన్ ఒక్కటి, దానికి ఒకే పికప్, తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదు, మీటేది కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే. జాకో పాస్టోరియస్ ఇంకో రకం, ఆయనదీ 1962 జాజ్ బేస్, ఫ్రెట్లు పీకేసింది, వెనక పికప్ దగ్గర మీటి తీగతో మాట్లాడించినాడు. వాళ్ల మాదిరి వాయించమని చెప్పడంలే, వాళ్ల దగ్గర కూడా నాబ్‌లు రెండు మూడే ఉండేవని చెప్తాండా.

తీగల మాట వచ్చింది కాబట్టి ఇదీ విను. షాపులో బేస్‌తో వచ్చేవి రౌండ్‌వౌండ్ తీగలు, గరుగ్గా ఉంటాయి, కొత్తలో గంట మాదిరి మోగుతాయి, వేలు జరిపితే స్‌స్ అని శబ్దం వస్తుంది. ఫ్లాట్‌వౌండ్ అని ఇంకో రకం ఉంటాయి, నున్నగా, గొంతు మెత్తగా లావుగా, ఏండ్ల తరబడి నడుస్తాయి కానీ రేటు ఎక్కువ. నీకు రాక్ కూడా ఉండాది కాబట్టి రౌండ్‌వౌండే పెట్టుకో, 45 నుంచి 105 సైజు సెట్టు, మెత్తదనం కావాలంటే టోన్ నాబ్ సగానికి తగ్గించు, అంతే. వాయించినాక పాత కాటన్ గుడ్డతో తీగలు తుడువు, మన చెమటకు తీగలు నెలలోనే చచ్చిపోతాయి. బేస్ పాడైంది, సౌండు పోయింది అని నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మందికి కొత్త తీగలేస్తే సరిపోతుంది.

ఐదో తీగ సంగతికొస్తే, అది బీ తీగ, సెకనుకు 31 ఊపులు. మనూర్లో చర్చి స్పీకర్లూ మండపం బాక్సులూ అంత అడుక్కి దిగవు తమ్ముడూ, నువ్వు కింద బీ కొడితే జనాలకు స్వరం కాదు గాలి తగులుతుంది. పైగా గిటార్ నుంచి వచ్చినోడికి మొదట్లో కష్టం మీటేది కాదు, మీటని తీగలను మోగకుండా ఆపేది, నాలుగుంటేనే తలనొప్పి, ఐదో తీగ ఉంటే అది గమ్మునుండదు, పాటంతా కింద గుయ్ మంటా ఉంటుంది. మరి ఈ ఫ్లాట్ (E ఫ్లాట్), డీ (D) సుర్‌లో పాటలు వస్తే ఎట్ల అంటావు, చర్చిలో అవే ఎక్కువ పడతాయి, నాకు తెలుసు. డీ పాటకు ఈ (E) తీగను ఒక పూర్తి మెట్టు, అంటే రెండు గడులంత, దించి డీ చేసుకో, ఈ ఫ్లాట్ (E ఫ్లాట్) కావాలంటే ఏ (A) తీగ మీద ఆరో గడి ఉండాది. ఇంకొకటి కూడా ఎదురవుతుంది, కీబోర్డు వాయించేవాడు పాడే అక్క గొంతు చూసి ట్రాన్స్‌పోజ్ బటన్ ఒక నొక్కు నొక్కుతాడు, వాడి వేళ్లు అదే సీ మీద ఉంటాయి, నువ్వు మాత్రం సీ షార్ప్ కొట్టాల. అందుకే మొదటి నుంచి ఉత్త తీగలు మోగించేది తగ్గించి, పట్టుకున్న ఆకారాన్ని అట్లే ఒక గడి జరుపుకునేటట్లు సాధన చెయ్యి, వాడు ఎన్ని నొక్కులు నొక్కినా నీకేం కాదు.

మండపం గురించి ఇంకో మాట. సీరియల్ లైట్లు, లైట్ల డిమ్మర్లు, బయట జనరేటరు, అన్నీ ఒకే లైను మీద ఉంటాయి, గిటార్ పికప్‌లకు అదంతా విందు భోజనం, గుర్ర్ మని హమ్ పట్టుకుంటుంది. ప్రెసిషన్ పికప్ రెండు ముక్కల్లో రాగి తీగ ఒకదానికొకటి ఎదురుగా చుట్టి ఉంటుంది, అందుకని ఆ రొద దాంట్లో దానికే కొట్టుకుపోతుంది. జాజ్ పికప్ ఒక్కటే పెడితే రొద వస్తుంది, జాజ్ బేస్‌లో రెండూ సమానంగా పెడితే పోతుంది. పీజేలో ముందుది ఒక్కటే పెడితే నిశ్శబ్దం, వెనకది కలిపేకొద్దీ రోంత రొద, కాబట్టి లైట్లు ఎక్కువున్న చోట ముందుదాని మీదే ఉండిపో. తీగల మీద చెయ్యి తీసేస్తే రొద పెరగడం మామూలే, భయం లేదు. కానీ చేతిలో బేస్ పట్టుకుని మైకుకు మూతి తగిలినప్పుడు జివ్వుమంటే మాత్రం అది ఎర్తింగ్ లేక కొట్టే షాక్, వెంటనే ఆపేసి సౌండాయన్ను పిలిచి లైను చూపించు, ఏం కాదులే అంటే స్టేజీ దిగు. రొద పోతుందని ప్లగ్గులో ఎర్తు పిన్ను విరగ్గొట్టే మహానుభావులు ఉండారు, ఆ పని ఎవర్నీ చెయ్యనీకు.

డబ్బుల సంగతి. 35లో బేస్‌కు 25 దాటనీకు. చర్చిలో, మండపంలో నువ్వు నేరుగా మిక్సర్‌లోకే పోతావు, మధ్యలో బేస్ సిగ్నల్‌ను మిక్సర్‌కు తగ్గట్లు మార్చే డీఐ బాక్సు ఒకటి ఉంటే చాలు, సౌండాయన దగ్గర ఉంటే సరే లేకపోతే మామూలుది ఒకటి కొనుక్కో. మంచి కేబుల్ ఒకటి, వెడల్పాటి స్ట్రాప్ ఒకటి, బేస్ నాలుగు కిలోల దాకా బరువుంటుంది, సన్న పట్టీ అయితే రెండు గంటలకు భుజం కోసుకుపోతుంది. ఒక సెట్టు తీగలు, తీగల ఎత్తూ నెక్కూ సర్దే సెటప్ కూలి. మిగిలిన దాంట్లో చిన్న బేస్ యాంప్ సెకండ్ హ్యాండ్ దొరికితే తీసుకో, దొరక్కపోతే హెడ్‌ఫోన్ పెట్టుకుని సాధన చేసే చిన్న డబ్బా వస్తుంది, అదే మేలు, ఇంట్లోవాళ్లు కూడా దీవిస్తారు. ఇంట్లో హోమ్ థియేటర్‌కో గిటార్ యాంప్‌కో గుచ్చి వాల్యూమ్ పెంచినావా, స్పీకరు అట్ట చినుగుతుంది, మా ఇంట్లో చినిగింది.

కొనడానికి హైదరాబాదు పోతావో బెంగళూరు పోతావో గానీ ఆన్‌లైన్‌లో కళ్లు మూసుకుని మాత్రం వద్దు, కర్నూలు నుంచి హైదరాబాదుకు పొద్దున బస్సెక్కితే సాయంత్రం తిరిగి రావచ్చు. స్ట్రాప్ తగిలించుకుని నిలబడి రెండు చేతులూ వదిలెయ్, తల తట్టు నేలకు వాలిపోతే ఆ బేస్ వద్దు, లేకుంటే పాటంతా ఎడమచేత్తో నెక్ మోస్తానే ఉండాల. నాలుగు తీగల మీదా ఒక్కో గడీ వరసగా మీటు, ఎంతసేపు పట్టినా సరే, షాపాయన మొహం చూడొద్దు. జీ తీగ మీద ఐదు నుంచి ఏడో గడి మధ్య ఒకటి రెండు స్వరాలు తొందరగా చచ్చిపోతుంటాయి, ఈ రకం బేస్‌లలో అది శానావాటికి ఉంటుంది, రోంత అయితే సర్దుకో, ఉత్త టక్కుమని ఆగిపోతే అదే మోడల్‌లో ఇంకోటి అడుగు. పన్నెండో గడి మీద హార్మోనిక్ కొట్టు, అంటే తీగను నొక్కకుండా ఉత్తగా తాకి మీటు, అదే గడి నొక్కి కొట్టు, ట్యూనర్‌లో రెండూ ఒకటే చూపించాల, తేడా ఉంటే బ్రిడ్జి స్క్రూలతో సర్దమని చెప్పు, అది పెద్ద రోగం కాదు. నెక్ వంకర తిరిగి ఉంటే మాత్రం పెద్ద రోగమే, తల తట్టు నుంచి తుపాకీ గురి చూసినట్లు ఒక కన్ను మూసి చూడు.

ఆ 28 వేల సెకండ్ హ్యాండ్ ఐదు తీగలది, పైన చెప్పిందంతా చదివినాక నీకే అర్థమై ఉంటుంది, వద్దు. దాన్ని కొంటే నీ దగ్గర మిగిలే ఏడు వేలల్లో ఏం సర్దుతావు.

కొన్నాక ఒకటి గుర్తుపెట్టుకో, మన ఎండలు. కొయ్య తడికీ పొడికీ కదులుతుంది. మార్చి దాటినాక కర్నూల్లో అయినా అనంతపురంలో అయినా గాలి ఎండిపోతుంది, నెక్ వంపు పోయి తిన్నగా అయిపోతుంది, మొదటి నాలుగు గడుల్లో తీగ జిర్రుమంటుంది, కొన్నిటికి ఫ్రెట్ల అంచులు బయటికి పొడుచుకొచ్చి అరచేతికి గీరుకుంటాయి. వానలు పడితే తిరగబడుతుంది, వంపు పెరిగి తీగలు పైకి లేస్తాయి, నొక్కలేక వేళ్లు నొప్పి పుడతాయి. ఏడాదికి రెండుసార్లు చూసుకుంటే చాలు. ఈ (E) తీగను మొదటి గడి దగ్గరా, నెక్ బాడీలో కలిసే చోటా రెండు చేతులతో నొక్కిపెట్టి నడుమ ఏడెనిమిది గడుల దగ్గర సందు చూడు, విజిటింగ్ కార్డు ఒకటి తగిలీ తగలనట్లు దూరాల. శుభలేఖ దూరిందంటే వంపు ఎక్కువైనట్లు, ఏదీ దూరకపోతే తక్కువైనట్లు. నెక్ లోపల దాని వంపు సర్దే ఇనప కమ్మీ, ట్రస్ రాడ్, ఉంటుంది, కుడితట్టు తిప్పితే వంపు తగ్గుతుంది, ఎడమతట్టు తిప్పితే పెరుగుతుంది, ఎప్పుడైనా పావు చుట్టే, అది తిప్పి ఒక పూట వదిలిపెట్టి మల్లా చూడు. బిగుసుకుపోయి ఉంటే బలం చూపించొద్దు, తెలిసినోళ్లకివ్వు. మే నెలలో కారులో పెట్టి తలుపులేసుకుని పెళ్లి భోజనానికి పోవద్దు, నేను చూసినా, గంటకే బ్రిడ్జి ముట్టుకోలేనంత కాలింది.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తా, ఇది షాపులో దొరకదు. మీ పాత బేస్ అన్న పోయినప్పటి నుంచి మీ చర్చిలో కీబోర్డు తమ్ముడు ఎడమచేత్తో బేస్ కొడుతుంటాడు, పాపం ఇంకెవరూ లేరు కదా. నువ్వు కొత్త బేస్ పట్టుకుని వచ్చినాక కూడా ఆ ఎడమచెయ్యి ఆగదు, ఇద్దరూ ఒకే అడుగు స్వరం కొడతారు, దాని మీద తబలా బాయ, ఢోలక్ ఎడమ తట్టు, ప్యాడ్స్ కిక్కు అన్నీ అక్కడే గుంపు కడతాయి, కింద అంతా బురద. అప్పుడు అందరూ నీ బేస్ బాగలేదంటారు, నువ్వు కూడా నమ్మేసి ఇంకో బేస్ వెతుక్కుంటావు. శనివారం ప్రాక్టీసులో ఆ తమ్ముడికి టీ తాపించి మెల్లగా చెప్పు, ఎడమచెయ్యి రెండు ఆక్టేవులు పైకి జరుపుకోమను, లేదంటే జేబులో పెట్టుకోమను. తొందరపెట్టొద్దు, అలవాటు కదా, మా వాడికి ఆ చెయ్యి ఆగడానికి రెండేండ్లు పట్టింది.